మొదటి నేరోబోట్ ప్రయాణం: ఎంత దూరం వెళ్ళాలో ముందు తేల్చుకోండి

మేం మొదటిసారి నేరోబోట్, అంటే బ్రిటన్ కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవ, అద్దెకు తీసుకున్నప్పుడు కారులో వెళ్తున్నట్టే ప్లాన్ వేసుకున్నాం. వారం రోజుల్లో కాలువల మీద ఒక పెద్ద చుట్టు తిరిగి, దారిలో ఉన్న ఊళ్ళన్నీ చూసి రావాలని అనుకున్నాం. రెండో రోజు రాత్రికే అందరి ముఖాలూ వాడిపోయాయి. పొద్దున లేచింది మొదలు చీకటి పడేదాకా నడపడంతోనే సరిపోయింది. పిల్లలు గట్టు మీద ఒక్క గంట కూడా ఆడుకోలేదు. మా అత్తయ్య చేసిన ఉప్మా నిలబడే తిన్నాం. మూడో రోజు పొద్దున ఆ చుట్టు సంగతి వదిలేసి పడవను వెనక్కి తిప్పాం. ఆ తర్వాత రోజుకు మూడు గంటలకు మించి నడపలేదు. ఇంటికొచ్చాక మేం చెప్పుకున్న కబుర్లన్నీ ఆ తిప్పిన తర్వాతి రోజులవే.

అందుకే ఈ వ్యాసంలో పడవ గురించి చెప్పేముందు దూరం గురించి చెప్తాను. బ్రిటన్‌లో ఉంటున్న మన కుటుంబాలు, వేసవికి అమ్మానాన్నలను ఇక్కడికి పిలిపించుకునేవాళ్ళు చాలామంది ఈ సెలవు గురించి అడుగుతుంటారు. వాళ్ళను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

ముందుగా, ఇది ఎలాంటి పడవ

నేరోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు మాత్రం 30 అడుగుల నుంచి 70 అడుగుల దాకా ఉంటుంది. 18వ శతాబ్దంలో ఇక్కడి కాలువల మీద సుమారు 7 అడుగుల వెడల్పుతో లాకులు కట్టారు. ఆ సందులో పట్టేలా చేసినవే ఈ పడవలు. అప్పట్లో బొగ్గు, కుండలు, ధాన్యం వీటిలో వెళ్ళేవి. గట్టు మీద నడిచే గుర్రం తాడుతో లాగేది. ఇప్పుడు డీజిల్ ఇంజన్ ఉంటుంది. లోపల వంటగది, పడకలు, షవర్, టాయిలెట్ అన్నీ రైలు పెట్టెలో లాగా వరసగా ఉంటాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ళ జలమార్గాలను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చూసుకుంటోంది.

గోదావరి జిల్లాల వాళ్ళకు లాకు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్టతో పాటు కాటన్ దొర తవ్వించిన కాలువల్లో పడవలు ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కి దిగడానికి కట్టినవే మన లాకులు. ఇక్కడ అదే ఏర్పాటు ఇంకా రోజూ పనిచేస్తోంది. కాకపోతే చాలా లాకుల దగ్గర తలుపులు తీసే మనిషి ఉండడు. మీ తలుపులు మీరే తీసుకోవాలి, మీరే వేసుకోవాలి.

పడవ నడపడానికి లైసెన్స్ అక్కర్లేదు. బయలుదేరే ముందు అద్దెకిచ్చేవాళ్ళే నేర్పిస్తారు. రెండు గంటల్లో చేయి తిరుగుతుంది. భయపడాల్సింది ఏమీ లేదు, తొందరపడకుండా ఉంటే చాలు.

లెక్క ఇలా వేయండి

కాలువల మీద వేగ పరిమితి గంటకు 4 మైళ్ళు. మీరు నిజంగా వెళ్ళేది 3 మైళ్ళకు దగ్గరగా. కట్టి ఉన్న పడవల పక్కన వెళ్ళేటప్పుడు అంతకంటే తక్కువ. గట్టు మీద మామూలుగా నడిచే మనిషి మీ పక్కనే వస్తుంటాడు.

పడవలవాళ్ళు వాడే లెక్క చాలా తేలిక. మైళ్ళు ఎన్నో చూడండి, లాకులు ఎన్నో చూడండి. ఒక్కో లాకును ఒక మైలు కింద లెక్కేసి రెండూ కలపండి. వచ్చిన దాన్ని మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి. 12 మైళ్ళు, 6 లాకులు ఉన్న దారి అనుకుందాం. మొత్తం 18, అంటే ఆరు గంటలు. మొదటి రెండు రోజులు లాకుల దగ్గర మీకు ఇంకా ఎక్కువసేపే పడుతుంది. నీళ్ళు పట్టుకోవడం, కూరగాయలకు ఆగడం, ముందు ఇద్దరు ముగ్గురు పడవలవాళ్ళు ఉంటే లాకు దగ్గర వేచి ఉండడం, ఇవేవీ ఈ లెక్కలో లేవు.

పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తుంటే రోజుకు నాలుగైదు గంటలకు మించి పెట్టుకోకండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రాత్రుల అద్దె చాలా చోట్ల దొరుకుతుంది. మొదటిసారికి అదే సరైనది. దాని లెక్క చూడండి. సోమవారం మధ్యాహ్నం రెండు, మూడింటికి పడవ ఇస్తారు. చూపించడం, నేర్పించడం అయ్యేసరికి నాలుగు దాటుతుంది. ఆ రోజు గంట, గంటన్నర నడిపి కట్టేయాలి. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికల్లా తిరిగి ఇవ్వాలి, కాబట్టి ఆ రోజు లెక్కలోకి రాదు. మధ్యలో మూడు రోజులు, రోజుకు ఐదు గంటల చొప్పున పదిహేను. అంతా కలిపి పదహారు గంటలు. అందులో సగం వెళ్ళడానికి, సగం రావడానికి. అంటే వెళ్ళే దూరం ఎనిమిది గంటలు, లాకులతో కలిపి 24 మైళ్ళు. నా మాట విని దాన్ని 18 చేయండి. మిగిలిన సమయమే మీకు నిజమైన సెలవు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. పడవ పొడవు కాలువ వెడల్పు కంటే ఎక్కువ, అందువల్ల అనుకున్న చోట వెనక్కి తిప్పడం కుదరదు. అక్కడక్కడా గట్టును లోపలికి తొలిచి, తిప్పుకోవడానికి చోటు వదిలారు. దాన్ని విండింగ్ హోల్ అంటారు. కాలువ మ్యాపులో గుర్తు ఉంటుంది. మీ పడవ పొడవుకు ఆ చోటు సరిపోతుందో లేదో చూసుకుని, ఎక్కడ తిప్పాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి.

ఏ కాలువ

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది వేల్స్ సరిహద్దులో ఉన్న లంగొలెన్ కాలువ. బాగా పేరున్నది కాబట్టి వేసవిలో రద్దీగానే ఉంటుంది, అయినా అదే చెప్తాను. కారణం లాకులు. లంగొలెన్ ఊరి నుంచి గ్రిండ్లీ బ్రూక్ దాకా అంత దూరంలో న్యూ మార్టన్ దగ్గర ఉన్నవి రెండే. పిల్లలకు లాకు అంటే ఏమిటో తెలుస్తుంది, పెద్దవాళ్ళకు నడుము నొప్పి రాదు.

పైగా ఈ దారిలోనే పాంట్‌కసల్టె అక్విడక్టు ఉంది. థామస్ టెల్ఫర్డ్, విలియం జెస్సప్ కట్టిన ఈ వంతెన 1805లో తెరుచుకుంది. 307 మీటర్ల పొడవు, 18 రాతి స్తంభాలు, వాటి మీద ఇనుప తొట్టి, ఆ తొట్టిలో కాలువ. కింద 38 మీటర్ల లోతున డీ నది. 2009లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు చూసినవాళ్ళకు ఆలోచన అర్థమవుతుంది, కానీ ఈ ఎత్తు వేరు. నడిచే గట్టు వైపు రెయిలింగ్ ఉంటుంది. రెండో వైపు ఏమీ ఉండదు. తొట్టి అంచు నీటికి కొన్ని అంగుళాలే పైకి ఉంటుంది. పడవలో నిలబడి ఆ వైపు చూస్తే కాళ్ళ కింద గాలే. ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు లోపల కూర్చోవాలి, లేదా గట్టు మీద నడిచి రావాలి. పిల్లలు మాత్రం తప్పకుండా లోపలే ఉండాలి, ఇందులో మొహమాటం వద్దు. ఒక్క పడవే పట్టే వెడల్పు కాబట్టి అవతలి నుంచి ఎవరూ రావడం లేదని చూసుకుని ఎక్కండి.

ఈ కాలువ మీదే ఉన్న చర్క్ ఊరి దగ్గర పడవ తీసుకుంటే నాలుగు రాత్రులు ఇలా గడపవచ్చు. సోమవారం సాయంత్రం, అక్విడక్టు అవతల ఉన్న ట్రెవర్ ఊరి వైపు కొంత దూరం వెళ్ళి కట్టేయండి. మంగళవారం పొద్దున అక్విడక్టు దాటి లంగొలెన్ వెళ్ళండి. ఆఖరి మైళ్ళలో కాలువ చాలా ఇరుకు, కొన్నిచోట్ల రెండు పడవలు పట్టవు. ఒకరు ఫోన్ పట్టుకుని గట్టు మీద ముందు నడుస్తూ, ఎదురు పడవ ఉందో లేదో చెప్తుండాలి. ఈ వైపు నీటికి ఎదురు వెళ్తారు కాబట్టి కాస్త ఎక్కువసేపు పడుతుంది. రాత్రికి ఊళ్ళోనే ఉండి, సాయంత్రం హార్స్‌షూ ఫాల్స్ దాకా నడవండి. నది నుంచి కాలువకు నీళ్ళు మళ్ళించడానికి టెల్ఫర్డ్ కట్టిన ఆనకట్ట అది. బుధవారం అదే దారిలో వెనక్కి వచ్చి, చర్క్ సొరంగం, దాన్ని ఆనుకునే ఉన్న చర్క్ అక్విడక్టు దాటండి. ఆ అక్విడక్టు మధ్యలో వేల్స్ నుంచి ఇంగ్లండ్‌లోకి వస్తారు. గురువారం న్యూ మార్టన్ లాకులు దిగి, తిప్పుకునే చోట తిప్పి, మళ్ళీ ఎక్కి, రాత్రికి చర్క్‌కు దగ్గరలో కట్టేయండి.

లాకులే వద్దనుకుంటే లెస్టర్‌షైర్ వైపు 22 మైళ్ళ ఆష్బీ కాలువ ఉంది, పొలాల మధ్య ఒకే మట్టంలో సాగిపోతుంది. వేల్స్‌లో బ్రెకన్ కొండల పక్కన వెళ్ళే మన్మత్‌షైర్ అండ్ బ్రెకన్ కాలువ ప్రశాంతంగా ఉంటుంది. ఇంగ్లండ్ దక్షిణ భాగంలో కావాలంటే కెనెట్ అండ్ ఏవన్ కాలువలో బాత్, బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ మధ్య భాగం బాగుంటుంది. అదే కాలువలో డివైజెస్ దగ్గర కేన్ హిల్ అని 29 లాకుల వరస ఉంది, దాని జోలికి ఈసారి వెళ్ళకండి. చుట్టు ప్రయాణాలూ ఇప్పుడే వద్దు. ఫోర్ కౌంటీస్ రింగ్ అంటే 110 మైళ్ళు, 94 లాకులు. పైన చెప్పిన లెక్క వేస్తే 68 గంటలు. చుట్టులో సగం దాటాక మధ్యలో ఆగిపోయే వీలుండదు. వెళ్ళి అదే దారిలో తిరిగి వచ్చే ప్రయాణంలో అలసిపోతే తర్వాతి విండింగ్ హోల్ దగ్గరే తిప్పేయవచ్చు.

బుక్ చేసే ముందు ఒకసారి, బయలుదేరే ముందు ఇంకోసారి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ఆ కాలువ మీద మూసివేతలు ఉన్నాయేమో చూడండి. 2025 వేసవిలో వానల్లేక చాలా కాలువల్లో లాకులు మూసేశారు. చలికాలంలో మరమ్మతుల కోసం మూయడం మామూలే.

పడవ, తేదీలు, డబ్బు

అద్దె పడవలు సాధారణంగా మార్చి నుంచి అక్టోబరు దాకా దొరుకుతాయి. స్కూలు సెలవుల్లో ధర బాగా పెరుగుతుంది, వారానికి వెయ్యి పౌండ్లు దాటడం మామూలే. స్కూలుకు వెళ్ళే పిల్లలు లేకపోతే మే, జూన్, సెప్టెంబరు నెలలు చూడండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది.

ఆరుగురు పడుకోవచ్చని రాసిన పడవలో నలుగురే హాయిగా ఉంటారు. మిగతా రెండు పడకలు పగలు భోజనాల బల్ల, రాత్రి దాన్ని దించి పరుపు వేస్తారు. అందరికంటే ముందు లేచే నాన్నగారికి ఆ పడక ఇవ్వండి. మోకాళ్ళ నొప్పులు ఉన్న పెద్దవాళ్ళు వస్తుంటే, లోపలికి దిగే మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో ఫోటోలు అడిగి చూడండి. పడక వెడల్పు, టాయిలెట్ కొలతలు కూడా అడగండి. వెనక నిలబడే చోటు రెండు మూడు రకాలుగా ఉంటుంది. సంప్రదాయ పడవలో ఒక్కరే నిలబడగలరు. క్రూజర్ స్టెర్న్ ఉన్న పడవలో వెనక విశాలంగా ఉంటుంది, నడిపేవాళ్ళ పక్కన ఇంకో ముగ్గురు నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చు. మనలాంటి కుటుంబాలకు అదే మేలు.

ధర చూసేటప్పుడు డీజిల్ కలిపి చెప్పారా, విడిగా వేస్తారా, డ్యామేజీకి ఎంత పట్టుకుంటారు, కారు పార్కింగ్ ఉచితమా అని అడగండి. లైఫ్ జాకెట్లు చాలా సంస్థలు ఉచితంగా ఇస్తాయి. పిల్లల బరువులు ముందే చెప్తే సరైన సైజు తీసి పెడతారు.

వంటకు ఏం తీసుకెళ్ళాలి

రైస్ కుక్కర్ ఇంట్లోనే వదిలేయండి. పడవలో కరెంటు బ్యాటరీల నుంచి వస్తుంది, ఇంజన్ నడిచినంతసేపు అవి ఛార్జ్ అవుతాయి. ఫోన్లు, లైట్లు, చిన్న ఫ్రిజ్‌కు సరిపోతుంది. రైస్ కుక్కర్, కరెంటు కెటిల్, హెయిర్ డ్రయర్, మిక్సీ లాంటివి ఇన్వర్టర్ తట్టుకోలేదు. పొయ్యి గ్యాస్‌ది, కాబట్టి ప్రెషర్ కుక్కర్ తెచ్చుకుంటే అన్నం, పప్పు రెండూ అయిపోతాయి. పచ్చళ్ళు, కందిపొడి, కారప్పొడి, నెయ్యి ఇంటి నుంచి తెచ్చుకోండి. మొదటి రోజు రాత్రికి పులిహోర చేసి పెట్టుకోండి. ఆ రోజు వండే ఓపిక ఎవరికీ ఉండదు. దోసెల పిండి తేవాలనిపిస్తుంది, నేనూ తెచ్చాను. చిన్న ఫ్రిజ్‌లో సగం అదే ఆక్రమించింది. రవ్వ దోసె, ఉప్మా, సేమ్యాతో సరిపెట్టుకోవడం సుఖం.

వంట ఎప్పుడూ పడవ కట్టి ఉన్నప్పుడే. లాకులో పడవ గోడకు తగిలితే పొయ్యి మీది సాంబారు గిన్నె నిలవదు. నూనెలో వేయించేవి అసలు వద్దు. చలి వేస్తోందని తలుపుల దగ్గర, పైకప్పులో ఉండే గాలి రంధ్రాలను గుడ్డలతో మూయకండి. గ్యాస్ పొయ్యి, హీటర్ ఉన్న చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన కూడా రాదు. పడవ తీసుకున్న రోజే దాని అలారం బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడండి.

నీళ్ళ ట్యాంకును రోజూ, కనీసం రోజు విడిచి రోజు నింపుకోండి. కాలువ పక్కన నీటి కుళాయిలు ఉంటాయి, వాటి పెట్టె తెరిచే తాళంచెవి పడవలోనే ఇస్తారు. నింపడానికి అరగంటకు పైనే పడుతుంది, ఆ సమయంలో కాఫీ పెట్టుకోండి. టాయిలెట్ ట్యాంకు గురించి ఒక మాట. అద్దె పడవల్లో ఎక్కువగా ఉండేది పంపౌట్ రకం, అంటే నిండాక పంపుతో లాగి ఖాళీ చేయించాల్సింది, వారం రోజులు సరిపోతుందని చెప్తారు. మనం నీళ్ళతో కడుక్కుంటాం, ఆ నీళ్ళూ అందులోకే వెళ్తాయి. ఐదారుగురు ఉంటే వారం మధ్యలోనే నిండవచ్చు. దారిలో పంపౌట్ ఎక్కడ ఉందో ముందే అడిగి మ్యాపులో గుర్తు పెట్టుకోండి. అడగడానికి సిగ్గుపడి మేం పడ్డ ఇబ్బంది మీరు పడకండి.

పడవ చేతికి ఇచ్చే రోజు

చూపించేవాళ్ళు రోజూ ఇదే పని చేస్తారు కాబట్టి వేగంగా చెప్పుకుంటూ పోతారు. ఆపి అడగండి. ఒకరు వింటుంటే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. ఇంజన్ స్టార్ట్ చేయడం, ఆపడం, పొద్దున్నే ఆయిల్ చూడడం, సాయంత్రం ప్రొపెల్లర్ కడ్డీకి గ్రీజు తిప్పడం, గ్యాస్ ఆపే చోటు, ఇవన్నీ ఆ వీడియోలో ఉండాలి. వీడ్ హ్యాచ్ కూడా చూపించమనండి. ప్రొపెల్లర్‌కు ప్లాస్టిక్ సంచో, తాడో చుట్టుకుంటే ఈ మూత తీసి చేత్తో తీసేయాలి. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే చేయి పెట్టాలి. పని అయ్యాక మూత గట్టిగా బిగించకపోతే నీళ్ళు లోపలికి వస్తాయి. మొదటి లాకు దాకా వచ్చి నేర్పిస్తారేమో అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

నడపడం

వెనక నిలబడి చుక్కాని కర్ర పట్టుకుంటారు. కర్రను ఎడమకు తోస్తే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. మొదటి గంట అందరూ తప్పు వైపే తోస్తారు. ఎటు వెళ్ళకూడదో కర్రను అటు తోయండి అని పిల్లలకు చెప్తే ఇట్టే పట్టేస్తారు. పడవ నడుము మీద తిరుగుతుంది, ముక్కు కుడికి వెళ్తే వెనక కొస ఎడమకు జరుగుతుంది. ప్రొపెల్లర్ తిరుగుతున్నప్పుడే చుక్కాని పనిచేస్తుంది. ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి తిప్పితే ఏమీ జరగదు.

బ్రేకు లేదు. ఆగాలంటే రివర్స్ వేయాలి. పది టన్నులు దాటిన ఇనుము అది, నెమ్మదిగానే ఆగుతుంది. అందుకే చేతులతో, కాళ్ళతో గోడను తోసి ఆపాలని చూడకండి. తగిలితే తగలనివ్వండి. పడవ గీతలు పడటానికే ఉంది.

మామూలుగా కాలువ మధ్యలో వెళ్ళండి, అంచుల దగ్గర లోతు తక్కువ. ఎదురుగా పడవ వస్తే మీ కుడివైపుకు జరగండి. రోడ్డు మీద ఇక్కడ ఎడమ, నీళ్ళలో కుడి. మలుపుల దగ్గర, వంతెనల దగ్గర హారన్ కొట్టండి. కట్టి ఉన్న పడవలు కనిపించగానే, వాటి దాకా వెళ్ళాక కాకుండా ముందే, వేగం బాగా తగ్గించండి. మీ పడవ లాగే నీటికి వాళ్ళు గట్టులో దింపిన మేకులు ఊడి వచ్చేస్తాయి. లోపల ఎవరో టీ తాగుతుంటారు, కొందరికి అదే ఇల్లు. మీ వెనక అల గట్టుకు కొట్టుకుంటుంటే ఎక్కడైనా వేగం ఎక్కువైనట్టే.

ఇసుకలో, బురదలో ఇరుక్కుంటే ముందుకు తోయకండి. రివర్స్ వేసి, అందరినీ లోతున్న వైపు నిలబెట్టి, వచ్చిన దారినే వెనక్కి రండి. చర్క్ లాంటి సొరంగాల్లో ముందు లైటు వేయండి. 421 మీటర్ల ఆ సొరంగం ఒక్క పడవకే చాలుతుంది. అవతల లైటు కనిపిస్తే వాళ్ళు బయటికి వచ్చేదాకా ఆగండి.

లాకు దాటడం

లాకు అంటే రెండు వైపులా తలుపులున్న రాతి గది. గదిలోకి నీళ్ళు వదిలితే పడవ పైకి లేస్తుంది, తీసేస్తే కిందికి దిగుతుంది. తలుపుల దగ్గర, గట్టు మీద ఉండే తూములను ప్యాడిల్స్ అంటారు. వాటిని తిప్పే ఇనుప హ్యాండిల్ విండ్లాస్. ఒకరు పడవలో, ఇద్దరు గట్టు మీద ఉంటే పని సుఖంగా సాగుతుంది. లాకుకు కొంచెం ముందే పడవ ఆపి వాళ్ళను దింపండి. ఎవరూ దూకకూడదు, అడుగు వేసి దిగాలి.

ఏ లాకు దగ్గరైనా ముందు చూడాల్సింది అవతలి నుంచి పడవ వస్తోందా అని. నీటి మట్టం వాళ్ళకు అనుకూలంగా ఉంటే వాళ్ళను రానివ్వండి. లేకపోతే గదెడు నీళ్ళు వృథా అవుతాయి, వేసవిలో అది చిన్న విషయం కాదు.

ఎక్కేటప్పుడు గది ఖాళీగా ఉండాలి. నిండి ఉంటే, పై తలుపులు, పై తూములు మూసి ఉన్నాయని చూసుకుని, కింది తూములు ఎత్తి ఖాళీ చేయండి. మట్టం సమమయ్యాక కింది తలుపులు తీసి పడవ లోపలికి తేవాలి. తలుపులు వేయండి, కింది తూములు దించండి. ఇప్పుడు పై తూములను సగం మాత్రం ఎత్తండి. పక్కనున్న నేల తూములు ముందు, తలుపులో ఉండే తూములు ఆ తర్వాత. ఒక్కసారిగా ఎత్తితే నీరు ఉరికి పడవను ముందుకూ వెనక్కూ విసురుతుంది, తలుపు తూము నుంచి వచ్చే ధార ముందు భాగంలో కూర్చున్నవాళ్ళ మీద పడుతుంది. పడవ నిలకడగా ఉంటే మిగతాది ఎత్తండి. మట్టం సమమైతే పై తలుపు తెరుచుకుంటుంది. సమం కాకుండా పదిమంది తోసినా కదలదు. తలుపుకు ఉన్న పొడవాటి దూలానికి వీపు ఆనించి కాళ్ళతో తోయండి. పడవ బయటికి వచ్చాక తూములు దించి, తలుపులు వేసి బయలుదేరండి.

దిగేటప్పుడు గది నిండుగా ఉండాలి, మిగతాదంతా తిరగేసి చేయడమే. కానీ ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దయచేసి దీన్ని రెండుసార్లు చదవండి. పై తలుపుల కింద ఒక రాతి గడప ఉంటుంది. గది నిండుగా ఉన్నప్పుడు అది నీళ్ళలో మునిగి కనిపించదు. నీరు దిగుతుంటే పడవ వెనక భాగం ఆ గడప మీద కూర్చుండిపోతే, ముందు భాగం దిగుతూనే ఉంటుంది, పడవ మునిగిపోవచ్చు. గోడ మీద తెల్ల గీత, సిల్ అన్న మాట ఉంటాయి. పడవ వెనక కొస, చుక్కానితో సహా, ఆ గీత దాటి కింది తలుపుల వైపు ఉండాలి. నడిపేవాళ్ళు గది ఖాళీ అయ్యేంతవరకూ దాని మీంచి కన్ను తీయకూడదు. తాళ్ళు గట్టుకు ముడివేయకండి, వదులుగా పట్టుకోండి. పడవ ఎక్కడైనా తట్టుకున్నట్టు అనిపిస్తే నడిపేవాళ్ళు అరవాలి, గట్టు మీదివాళ్ళు వెంటనే కింది తూములన్నీ దించేయాలి. ఆ తర్వాత పై తూములు నెమ్మదిగా ఎత్తి మళ్ళీ నీళ్ళు నింపాలి. ఆ అరుపు ఏమిటో ముందే అనుకోండి. మేం "ఆపు" అని పెట్టుకున్నాం, వేరే ఏ సందర్భంలోనూ ఆ మాట లాకు దగ్గర అనకూడదని పిల్లలకు చెప్పాం.

విండ్లాస్‌ను కడ్డీకి తగిలించి వదలకండి. పళ్ళచక్రాన్ని పట్టే కొక్కెం జారితే అది గిర్రున తిరిగి ముఖానికి కొడుతుంది. తూము దించేటప్పుడు కూడా తిప్పుతూ దించండి, దానంతట అది పడేలా వదలకండి. ఊళ్ళ దగ్గరి లాకుల చుట్టూ జనం చేరి చూస్తుంటారు, మొదటిసారి వాళ్ళను చూస్తే టెన్షన్ వస్తుంది. వాళ్ళ కోసం తొందరపడకండి. వెనక వేచి ఉన్న పడవవాళ్ళు మీరు కొత్త అని చెప్తే సంతోషంగా చేయి వేస్తారు.

సాయంత్రం కట్టేయడం, పిల్లలు, పెద్దలు

సాయంత్రం ఐదింటికల్లా చోటు వెతకండి. చాలా సంస్థలు చీకటిలో నడపనివ్వవు. నడిచే గట్టు వైపు, నిటారుగా ఇనుప రేకు ఉన్న చోటు చూడండి. అలాంటి చోట కొక్కేలు తగిలిస్తే చాలు. మట్టి గట్టయితే మేకులు సుత్తితో దింపాలి. ముందు తాడు ముందుకు, వెనక తాడు వెనక్కి సాగేలా కడితే పడవ కదలదు. మేకు మీద తెల్లటి గుడ్డో, సంచో కట్టండి, నడిచేవాళ్ళు తట్టుకోరు. లాకు ముందు, నీటి కుళాయి దగ్గర, మలుపుల్లో, వంతెన కింద, తిప్పుకునే చోట కట్టకూడదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంజన్ ఆపి ఉంచాలి, పక్క పడవల్లో నిద్రపోతుంటారు.

ఈత వచ్చినా రాకపోయినా పిల్లలు బయట ఉన్నంతసేపు లైఫ్ జాకెట్ తీయకూడదు. ఈత రాని పెద్దవాళ్ళకూ అంతే. కాలువ చాలా చోట్ల నడుము లోతే, కానీ లాకు లోతు అలా కాదు, గోడలు జారుతుంటాయి. పడవ కదులుతున్నప్పుడు పైకప్పు మీద ఎవరూ కూర్చోకండి, వంతెనలు తల తగిలేంత తక్కువ ఎత్తులో ఉంటాయి. చెప్పులు కాదు, జారని బూట్లు. కాలువ నీళ్ళు ముట్టుకున్నాక తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి, ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు ఉంది. ప్రతి వంతెన మీద ఒక నంబరు రాసి ఉంటుంది. దాటిన ప్రతిసారీ ఆ నంబరు రాసే పని ఒక పిల్లకో పిల్లాడికో అప్పగించండి. పడవ ఆగిపోయినా, ఎవరికైనా దెబ్బ తగిలి 999కి ఫోన్ చేయాల్సి వచ్చినా, పొలాల మధ్య మీరు ఎక్కడున్నారో చెప్పడానికి ఆ నంబరు పనికొస్తుంది.

మా అత్తయ్య మొదటి రోజు లోపలే కూర్చున్నారు. రెండు రోజులయ్యాక ముందు భాగంలో కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని, బాతులను లెక్కపెడుతూ కూర్చునేవారు. పెద్దవాళ్ళకు ఆ ముందు చోటు ఖాళీగా ఉంచండి. ఇంజన్ చప్పుడు అక్కడికి వినిపించదు.

చివరి రాత్రి తిరిగి ఇచ్చే చోటుకు గంట దూరంలోపే కట్టేయండి. సామాను ఆ రాత్రే సర్దుకోండి, పొద్దున్నే గిన్నెలు కడిగి, చెత్త తీసి, నేల ఊడ్చేస్తే చాలు. విండ్లాస్‌లు లెక్కపెట్టండి. ఒకటి ఏదో ఒక లాకు దగ్గర గడ్డిలో ఉండిపోతుంది, దానికి డబ్బు కట్టాల్సి వస్తుంది.